మూడు బుడగల మర్యాద

నక్క కొండలరావులో ఒక అరుదైన సద్గుణం ఉంది. తన పొగడ్త తనే చూసుకుంటాడు, ఇంకొకళ్ళకి ఆ శ్రమ పెట్టడు. "నా అంత పండితుడు ఈ కొండకి ఇటుపక్క లేడు" అని పొద్దున్నే ఒకసారి తనే అనేసుకుంటే, మిగతా జంతువులు రోజంతా నిశ్చింతగా తమ పనులు చేసుకుంటాయి కదా అని ఆయన ఉద్దేశం. కొండకి అటుపక్క సంగతి ఆయనకి తెలీదు. ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆయన చదువు కూడా ఎవరికీ శ్రమ ఇవ్వకుండానే సాగింది. జింకల పొద వెనక నక్కి వ్యాకరణం నేర్చాడు. కోతుల చెట్టు కింద పడుకుని తిట్లు నేర్చాడు. గుడ్లగూబ తొర్రకి చెవి ఆనించి ఛందస్సు నేర్చాడు. అక్కడ సగంలో నిద్రపోయాడు కాబట్టి ఆయన పద్యాలు ఇప్పటికీ రెండో పాదం దాటవు. అలా స్వయంకృషితో పైకొచ్చి, మద్దిమాను విశ్వవిద్యాలయంలో అడవి బాస శాఖకి అధిపతి అయ్యాడు. శాఖలో ఉన్నది ఆయన ఒక్కడే కాబట్టి పోటీ కూడా రాలేదు.

ఆయన తరగతికి ఒక్కటే పద్ధతి. ఆయన అడుగుతాడు, ముందు అరిచినవాడికి మార్కు.

"ఎండుటాకుల మీద పులి నడుస్తుంటే చప్పుడు ఎలా..." అని ఆయన అంటుండగానే కోతి చిట్టిబాబు కొమ్మ మీంచి "గలగలా!" అని అరిచేవాడు.

"శభాష్! ఒక మార్కు!"

వెనక వరసలో అడవిదున్న బసవయ్య ఆ ప్రశ్నని అప్పుడే నోట్లో వేసుకుని నెమరు మొదలుపెట్టేవాడు. సాయంత్రానికి ఆయనకి జవాబు తయారయ్యేది: పులి ఎండుటాకుల మీద అసలు నడవదు. కానీ సాయంత్రానికి తరగతిలో ఎవరూ ఉండేవాళ్ళు కాదు. అలా బసవయ్య నాలుగేళ్ళ నుంచి మొదటి సంవత్సరమే చదువుతున్నాడు.

పోయిన వానాకాలం ఏరు పొంగి, దిగువనున్న లంకని నిలువునా మింగేసింది. అక్కడి జీవాలు దుంగలు పట్టుకుని, ఒకదాని తోక ఒకటి పట్టుకుని, ఎక్కడ ఒడ్డు దొరికితే అక్కడ తేలాయి. ఈ అడవి గట్టుకి చేరినవాళ్ళని విశ్వవిద్యాలయానికి పెద్దదిక్కైన ఏనుగు అప్పలనరసమ్మ తొండం చాచి ఒక్కొక్కళ్ళనీ పైకి తీసింది.

"చదువుకుంటామన్నవాళ్ళకి సీటు ఇస్తాం. సీటు ఉన్నవాళ్ళ కుటుంబానికి మడుగులో చోటు ఉంటుంది. ఎండాకాలం మడుగు అరచెయ్యంత అయిపోతుంది కాబట్టి ఇది మా పాత నియమం," అంది. "కానీ మృగశిర కార్తెకి నోటి పరీక్ష పెడతాం. అడవి బాస రానివాడికి ఆపద వచ్చినా తెలీదు, పక్కవాడికి చెప్పనూ లేడు. అందులో తప్పితే బయటినుంచి వచ్చినవాళ్ళకి సీటు ఉండదు."

అలా ఇద్దరు తరగతిలో చేరారు. ఒకతి నీటికుక్క నూకరత్నం; పొట్టికాళ్ళు, నున్నటి ఒళ్ళు, పదిమంది మధ్య ఒదిగి కూర్చునే పిల్ల. ఆమె సీటు మీదే వాళ్ళమ్మా, తమ్ముడూ, చెల్లీ మడుగు గట్టున రాతినెర్రెలో తలదాచుకున్నారు. రెండోవాడు తాబేలు వీరాస్వామి. లంకలో అరవై ఏళ్ళు ఈత పాఠాలు చెప్పినవాడు. చెప్పినట్టు రాసున్న తాటాకులన్నీ వరదలో కొట్టుకుపోయాయి కాబట్టి ఆయన్నీ మొదటి సంవత్సరంలోనే కూర్చోబెట్టారు.

కొండలరావు మొదటిరోజే వాళ్ళని పరీక్షించాడు. "నీ పేరేంటి? ఏ ఊరు? ఎండు కొమ్మ విరిగితే ఏం అర్థం?" అని ఒక్క ఊపిరిలో అడిగేశాడు.

నూకరత్నం ఆయన మొహంలోకి వినయంగా చూస్తూ కూర్చుంది. నోరు తెరవబోయేసరికి కొండలరావు పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

"మాష్టారూ, కొట్టుకొచ్చినోళ్ళు నీళ్ళు నములుతున్నారు!" అని చిట్టిబాబు కొమ్మ మీంచి వేళాకోళమాడాడు.

"నీళ్ళలో పుట్టినోళ్ళు కదరా, ఇంకేం నములుతారు?" అన్నాడు కొండలరావు. తరగతి గొల్లుమంది. ఆ హాస్యానికి ఆయన ఆ సాయంత్రం తనని తాను రెండుసార్లు మెచ్చుకున్నాడు.

తర్వాత తాటాకు తీసి రాశాడు: 'నూకరత్నం, బాస రాదు. వీరాస్వామి, బాస రాదు, పైగా ముసలి.' పది నెలల్లో అదే మాట మూడుసార్లు రాసి అప్పలనరసమ్మకి పంపాడు. మూడోసారి కింద 'వీళ్ళకి వచ్చే ఆశ కూడా లేదు' అని చేర్చి, అందంగా గీత గీశాడు.

మృగశిర ఇంకో రెండు రోజులుందనగా, కొండలరావు జ్వరమని చెప్పి మధ్యాహ్నం తరగతి ఎగ్గొట్టి, మడుగు గట్టున జిల్లేడు పొదలో దూరాడు. జ్వరం లేదు. పాత అలవాటు అంతే. వారానికోసారైనా ఏదో ఒక పొదలో కూర్చుని వినకపోతే ఆయనకి అన్నం అరగదు.

రేవులో బసవయ్య మెడదాకా నీళ్ళలో నిలబడి ఉన్నాడు. పక్కనే నూకరత్నం తేలింది.

"ఏమ్మా రత్నం, చేప దొరికిందా?"

ఒకటి, రెండు, మూడు బుడగలు లేచాయి. "దొరికిందండి బసవయ్యగారూ. మీకు పెడదామంటే మీరేమో శాకాహారులాయె. తినే నోరు అంత పెద్దదిచ్చి, పెట్టడానికి గడ్డే ఇచ్చాడు చూడండి దేవుడు."

పొదలో కొండలరావు చెవులు నిక్కబొడుచుకున్నాయి. వృత్తిధర్మంగా తప్పులు లెక్కపెడదామని కాలివేళ్ళు చాచాడు. ఒక్క వేలూ ముడవలేదు. చివరికి ఆ 'ఆయె'ని కూడా పిల్ల పడాల్సిన చోటే పడేసింది.

"ఓర్నీ! ఇంత బాగా మాట్లాడతావు, మరి తరగతిలో నోరు కుట్టేసినట్టు కూచుంటావేంటమ్మా?" అన్నాడు బసవయ్య.

మళ్ళీ మూడు బుడగలు. "మాష్టారు ఆగితే కదండీ! మా లంకలో సగం బడి నీళ్ళ కిందే జరిగేది. తొందరపడి నోరు తెరిస్తే మాట బయటికి రాదు, నీళ్ళు లోపలికి పోతాయి. అందుకని పెద్దవాళ్ళు మాట ముగించాక మూడు బుడగలు పైకి వెళ్ళేదాకా ఆగుతాం. విన్నానని ఒకటి, ఆలోచించానని ఒకటి, మీరింకా చెప్పేదేమైనా ఉందా అని ఒకటి. ఇక్కడ మొదటి బుడగ లేచేలోపే మాష్టారు రెండో ప్రశ్నలో ఉంటారు, చిట్టిబాబు మూడో జవాబులో ఉంటాడు. మధ్యలో దూరితే మా అమ్మ తోలు తీస్తుందండి."

"అంటే నా నెమరులాంటిదన్నమాట," అన్నాడు బసవయ్య తృప్తిగా. నాలుగేళ్ళలో తనకి ఒక చుట్టం దొరికినట్టనిపించింది ఆయనకి. "మరి ఎల్లుండి పరీక్ష తప్పితే?"

ఈసారి బుడగలు నాలుగో, అయిదో లేచాయి. "తప్పితే సీటు పోతుంది. దాంతో మడుగూ పోతుంది. ఈ ఎండలో ఇంకో ఏరు దొరికేదాకా నడవాలి. మా కాళ్ళు చూశారుగా. చెల్లికి ఈతే సరిగ్గా రాదు, నడక ఇంకెక్కడ?"

బసవయ్య తల వంచి నీళ్ళలో ఆమె పొట్టికాళ్ళ వైపు చూశాడు. రేవు అడుగున బురదలో వీరాస్వామి కూడా ఉన్నాడు. కళ్ళు రెండూ పైకి పెట్టి, గట్టువైపు, ఏదో వింత చూసినట్టు చూస్తున్నాడు. కొండలరావుకి అది కనబడలేదు. ఆయన తన బాధలో తాను ఉన్నాడు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని మూడుసార్లు రాసిచ్చాడాయె. ఇప్పుడు నాలుగో కాలు కళ్ళెదుట గంతులేస్తోంది. దాన్ని ఒప్పుకోవడమా, విరగ్గొట్టడమా? ఒప్పుకుంటే, పది నెలలు పక్కన కూర్చోబెట్టుకుని కూడా ఒక పిల్లకి బాస వచ్చిందో రాలేదో కనిపెట్టలేనివాడు శాఖాధిపతా అంటారు. ఈతే సరిగ్గా రాని ఆ చెల్లి కూడా ఒకసారి గుర్తొచ్చింది. మడుగు సంగతి తన శాఖ కిందకి రాదని సర్దిచెప్పుకున్నాడు.

సాయంత్రానికి అప్పలనరసమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మగారూ, పరీక్షకి ఒక కొత్త నియమం అనుకున్నాను. కొమ్మ మీంచి చిట్టిబాబు ఒక మోదుగాకు వదులుతాడు. అది నేల తాకేలోపు జవాబు రావాలి."

"అంత తొందరేంటయ్యా?"

"నాకేం తొందరమ్మా! పులికి తొందర. అది వస్తే మన జవాబు కోసం ఆగుతుందా?"

ఏనుగు చెవులు ఊపుతూ ఆలోచించింది. "అదీ నిజమే. ఈ నియమం అందరికీ ఒకటేనా?"

"అందరికీ ఒకటే! నాతో సహా!" అన్నాడు కొండలరావు ఛాతీ విరుచుకుని. ఆ చివరి రెండు మాటలూ అనవసరం. కానీ వాక్యానికి నిండుదనం వస్తుందని చేర్చాడు.

పరీక్ష రోజు అడవంతా మడుగు పక్కనే ఉన్న మద్దిమాను కింద చేరింది. నూకరత్నం వాళ్ళమ్మ ఇద్దరు పిల్లల్నీ పొట్టకి కరుచుకుని ఒక పక్కన కూర్చుంది. అప్పటికే రాతినెర్రెలో సామాను సర్దుకుని వచ్చింది. సామానంటే రెండు ఆల్చిప్పలు.

"మొదటి ప్రశ్న," అన్నాడు కొండలరావు. "పులి మడుగుకి వస్తుంటే మొట్టమొదట ఎవరికి చెప్పాలి?"

ఆకు కొమ్మ వదిలిందో లేదో చిట్టిబాబు పైనుంచే "అందరికీ!" అని అరిచి తన మార్కు తాను వేసుకున్నాడు. బసవయ్య వంతు వచ్చింది. ఆకు నేల తాకింది. ఆయన దవడ ఇంకా ఎడమ నుంచి కుడికి వెళుతూనే ఉంది.

"తప్పు! నూకరత్నం!"

ఆకు గిరగిరా తిరుగుతూ దిగింది. పిల్ల కళ్ళలో జవాబు తళుక్కుమంటోంది, పెదవి దగ్గర నిలబడి ఉంది. పెద్దాయన మాట ముగిసింది, మొదటి ఊపిరి అయింది, రెండోది అయింది. ఆకు మట్టిని తాకింది.

"తప్పు! ఇంకొక్క అవకాశం. అదే ప్రశ్న, అంతకంటే సులువుది నా దగ్గర లేదు." రెండో ఆకు కూడా నేల తాకింది. "చూశారా అమ్మగారూ? నేను రాస్తే ఊరికే రాయను."

నూకరత్నం తల వంచుకుంది. వాళ్ళమ్మ ఆల్చిప్పలు చేతిలోకి తీసుకుంది.

అప్పుడు వీరాస్వామి కదిలాడు. ఆయన ముందుకి రావడానికి పట్టిన సమయంలో పది ఆకులు రాలి ఉండేవి.

"అమ్మగారండీ, నా వంతుకి ముందు ఒక మనవి. మా లంకలో పరీక్ష రోజున శిష్యుడు కూడా గురువుగారిని ఒక ప్రశ్న అడగటం ఆచారమండి. గురువుగారికి ఓపికుంటేనే లెండి."

"ఓపిక దేనికి? తెలివుంటే చాలు!" అన్నాడు కొండలరావు. ఇంతమంది ముందు తన వేగం చూపించే అవకాశం ఊరికే వస్తుందా! "అడుగు తాతా. ఆకు లెక్కే. ప్రశ్న అవ్వగానే వదలరా చిట్టిబాబూ!"

"నిన్నగాక మొన్న మధ్యాహ్నం," అన్నాడు వీరాస్వామి మెల్లగా, "రేవులో మా నూకరత్నం ఈ బసవయ్యగారితో మాట్లాడిన అడవి బాసలో తప్పులెన్నండి?"

"ఒక్కటీ లేదు!"

ఆకు ఇంకా కొమ్మకి జానెడు దూరంలోనే ఉంది. అంత వేగంగా చెప్పాడు. చెప్పి, చప్పట్ల కోసం చుట్టూ చూశాడు.

ఎవరూ కొట్టలేదు. ఆకు తీరుబడిగా ఊగుతూ, అటు ఒరిగి ఇటు ఒరిగి, ఆయన ముక్కు ముందు నుంచే దిగి నేల మీద పడుకుంది.

ముందు తేరుకున్నది చిట్టిబాబే. "మాష్టారూ, మొన్న మధ్యాహ్నం మీకు జ్వరం కదా?"

"అది... జ్వరం... పొద ఎక్కితే... అంటే నాకు ఒంట్లో..."

"నీళ్ళ కింది నుంచి చూస్తే గట్టు మీద జిల్లేడు పొద తోక ఆడిస్తూ కనిపించిందండి," అన్నాడు వీరాస్వామి వినయంగా. "మా ఊళ్ళో పొదలకి తోకలుండవు. ఇక్కడి ఆచారమేమో, అడిగితే బాగుండదని ఊరుకున్నాం."

అడవి అడవంతా పగలబడి నవ్వింది. అప్పలనరసమ్మ మాత్రం నవ్వలేదు.

"ఏవయ్యా కొండలరావూ. పిల్లకి బాస రాదని మూడుసార్లు రాశావు. వచ్చని మొన్న చెవులారా విన్నావు. విన్నాకే ఈ ఆకు నియమం పట్టుకొచ్చావు. అవునా?"

కొండలరావు నోరు తెరిచాడు, మూశాడు.

"మాట్లాడవేం? బాస రాదా?"

పుట్టి బుద్ధెరిగాక కొండలరావు జవాబు లేకుండా నిలబడటం అదే మొదటిసారి. నిలబడ్డాక తెలిసింది, జవాబు లేకపోవడం వేరు, చెప్పలేకపోవడం వేరని. ఆయనకి జవాబు తెలుసు. గొంతులోంచి పైకి రావడానికి దానికి కాస్త వ్యవధి కావాలి, అంతే.

"అవునమ్మా," అన్నాడు చివరికి.

ఏనుగు తొండంతో మోదుగాకులన్నీ ఊడ్చి అవతల పడేసింది. "పులి ఆగదు, నిజమే. కానీ ఇక్కడ ప్రశ్న అడుగుతున్నది పులి కాదుగా, మనం. మనం ఆగొచ్చు. నేనే అడుగుతాను. మూడు బుడగలంత సేపు అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. పులి మడుగుకి వస్తుంటే మొట్టమొదట ఎవరికి చెప్పాలి?"

అంతా ఆగారు. గాలికి మద్దిచెట్టు కదిలింది. దూరంగా ఎక్కడో వడ్రంగిపిట్ట టకటకమంది. ఇన్నాళ్ళూ ఆ పిట్ట అక్కడుందని తరగతిలో ఎవరికీ తెలీదు.

"నీళ్ళు తాగుతున్నవాళ్ళకి చెప్పాలండి," అంది నూకరత్నం. "నిలబడినవాళ్ళకి ఎలాగూ కనబడుతుంది. తల వంచినవాళ్ళకే కనబడదు. మా లంకలో వరదొచ్చిన రోజు అందరం ఒకేసారి అందరికీ అరిచాం. ఎవరు ఎటు రమ్మంటున్నారో ఎవరికీ వినబడలేదు. వీరాస్వామి తాతగారొక్కరే ఊరుకుని, నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో విని, కళ్ళు తెరవని పిల్లలున్న ఇళ్ళకి ముందు వెళ్ళారు. మేం మిగిలింది అందుకేనండి."

చిట్టిబాబు కూడా కొమ్మ మీంచి కిందకి దిగి కూర్చున్నాడు.

"బసవయ్యా, నువ్వు?" అంది అప్పలనరసమ్మ.

"నేనూ అదే అనుకున్నానమ్మా. పోయినేడు అడిగినప్పుడే అనుకున్నా. చెప్పే వీలు ఇవాళ దొరికింది."

ఇద్దరూ నెగ్గారు. నూకరత్నం వాళ్ళమ్మ ఆల్చిప్పలు అక్కడే పారేసి, పిల్లలతో సహా దబ్బున మడుగులోకి దూకింది. చిందిన నీళ్ళకి ముందు వరసలో వాళ్ళంతా తడిసిపోయారు. ఎవరూ ఏమీ అనలేదు. ఎండ మండిపోతోంది మరి.

చిట్టిబాబు వంతు మళ్ళీ పెట్టారు. "అంతసేపు ఊరికే కూచుని ఏం చెయ్యాలమ్మా?" అని అడిగాడు.

"ఆలోచించరా."

"అదెలా?"

"దగ్గర కూచుని చూపిస్తాలే," అన్నాడు బసవయ్య. "ముందు దవడ ఎడమవైపు తిప్పు."

వీరాస్వామిని ఎవరూ పరీక్షించలేదు. ఆ నెల నుంచే విశ్వవిద్యాలయంలో ఏటి బాస శాఖ పెట్టి, దానికి ఆయన్ని గురువుని చేశారు. మొదటి విద్యార్థిగా కొండలరావుని చేర్పించమని అప్పలనరసమ్మ హుకుం. కూర్చునే చోటు కూడా ఆవిడే చెప్పింది: నూకరత్నం చెల్లి పక్కన. ఆ పిల్ల ఈయన దగ్గర అడవి బాస నేర్చుకుంటూ, ఈయన పలికిన ఏటి మాటలకి పొట్ట పట్టుకుని నవ్వుతుంది. "మాష్టారూ, మీరు చేపని పిలవమంటే తిడుతున్నారు," అంటుంది. కొండలరావు ముందు కొన్నాళ్ళు చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత తనూ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే తప్పు సగం తగ్గినట్టుంటుందని కనిపెట్టాడు. ఆ కనిపెట్టినందుకు తనని తాను మెచ్చుకున్నాడు కూడా.

శిక్షగా మద్దిమాను మీద ఒక నీతి చెక్కమన్నారు. ఆయన గోళ్ళు అరిగేలా చెక్కాడు: "ఎదుటివాడికి మాట రాదనే ముందు, వాడి మాటకి చోటిచ్చావో లేదో చూసుకో."

చెక్కడమైతే బాగానే వచ్చింది. ఏటి బాసలో చేపల పేర్లు పన్నెండు వచ్చాయి, పలకరింపులు వచ్చాయి, నీళ్ళలో మెడదాకా దిగడం కూడా వచ్చింది. కానీ అవతలివాళ్ళు మాట ముగించాక మూడు బుడగలు లేచేదాకా ఆగడం మాత్రం కొండలరావుకి ఇంకా రాలేదు. రెండో బుడగకే నోరు తెరుచుకుంటుంది, నీళ్ళు మింగుతాడు.